మూడు పూసల దారం

వారాసిగూడ గల్లీల మా ఒక్క అర్రల
కిటికీ చువ్వకు ఎప్పుడూ ఒక తెల్ల దారం కట్టి ఉంటది.
దానికి మూడు పూసలు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
పూసలు నావే,
పెండ్లి జాకిట్ల మీద కుట్టంగ మిగిలినవి.
రెండో కొస నా బిడ్డ ముక్కు మీద.

"ఏం కనబడుతుందే?"
"దగ్గరి పూస రెండైంది. దూరందాన్ని చూస్తే నవ్వొస్తుంది."
నవ్వెందుకో నేను అడగలే.

రెండో తరగతి రవళి.
పేరు రాయమంటే రపళి అని రాసేది.
వ మూసుకోవాలె, ప తెరుచుకోవాలె,
ఆమె చేతిల రెండింటి తలుపూ ఓరగనే ఉండేది.
చదువుతుంటే వేలు ఒక వరుసల, కన్ను ఇంకో వరుసల.
పై వరుస మబ్బు, కింది వరుస పిల్లి కలిసి
"మబ్బు పాలు తాగింది" అని చదివింది ఒకనాడు.
నాకు మంచిగనే అనిపించింది.
ట్యూషన్ సారుకు అనిపించలే.

మొద్దు అన్నడు. సెల్లు చూస్తదా అన్నడు.
దిష్టి తీసిన.
బాదాంలు నానబెట్టిన, రోజుకు రెండు, లెక్క పెట్టి.
కండ్లద్దాల దుకాణంల
గోడ మీది చిట్టచివరి అక్షరం దాకా గడగడ చెప్పింది.
"చూపు ఫస్ట్ క్లాస్" అని పంపిచ్చిన్రు.

పద్మారావు నగర్ల మందుల దుకాణం మీద రెండో అంతస్తు.
ఫర్హీన్ మేడం పెన్ను ఒకటి పట్టుకొని
పిల్ల ముక్కు దాకా మెల్లగ తెచ్చింది.
ఒక కన్ను వచ్చింది. ఇంకోటి సగం తొవ్వల ఆగిపోయింది.
"చూపు ఉన్నదమ్మా. రెండు కండ్లకు దోస్తీ లేదు.
చదువు కష్టమంతా కండ్లల్లనే ఉండదు, కొంతే.
ఆ కొంత మనం పట్టుకుందాం."

ఆ 'కొంతే' అన్న మాటకే నమ్మిన.
అంతా బాగు చేస్తమన్నోళ్ళ దగ్గర
పైసలు ఇదివరకే పోయినయి.

ఇగ రోజూ ఇరవై నిమిషాలు.
ఫ్యాను కొక్కానికి వేలాడే బంతి, దాని నిండా అక్షరాలు,
ఊగుతుంటే ఒక్కొక్కటి పట్టి చెప్పాలె.
తల కదలొద్దు, కండ్లే పోవాలె.
పళ్ళెంల ఉప్మా రవ్వ పోసి వేలితో వ.
చెరిపి వ. చెరిపి మళ్ళ వ.

ఒకనాడు నా కత్తెర తీసి దారం కోసింది.
పూసలు బియ్యం డబ్బా కిందికి ఉరికినయి.
కొట్టిన.
అది కూడ చెప్పాలె గదా.

పిల్ల పండుకున్నంక పూసలు వెతికి ఎక్కించి,
సరిగ్గున్నదా లేదా అని
నేనే ముక్కుకు ఆనించుకున్న.
నడిమి పూసను చూస్తే దారాలు రెండు కనబడాలంట,
పూస దగ్గర కలిసి, దాటినంక విడిపోయేటివి.
నాకు ఒక్కటే దారం.
కండ్లు తుడుచుకొని చూసిన. ఒక్కటే.

మగ్గం మీద వంగితే నా తల ఎడమకు ఎందుకు వాల్తదో,
నాలుగుల నా బడి ఎందుకు బందైందో,
ఆ బెత్తం, ఆ మూల, మొద్దు అన్న ఆ పేరు,
ముప్పై రెండేండ్ల తర్వాత
చువ్వకు కట్టిన దారం మీద కనబడ్డది.

ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. బిడ్డకు చెప్పిన.
ఆమె నా ముక్కు మీద దారం పెట్టి
మేడం లెక్క గొంతు మార్చి
"తొందర లేదమ్మా, ముందుగాల ఎర్రపూసను పలకరియ్యి" అన్నది.

మొన్న పొద్దుగాల హోంవర్కు బుక్కు మీద
రపళి అని రాసి ఆగింది.
దగ్గరికి తెచ్చి చూసింది. దూరం జరిపి చూసింది.
రబ్బరు అడగలే.
ప నెత్తి మీది సందును
చిన్న గీతతో మూసింది.
వంకరగ ఉన్నది. కానీ వ నే.

ళి సంగతి రేపు చూద్దాం.